అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ చరిత్ర: టైమ్ షేరింగ్ నుంచి ఇంటి పీసీ దాకా

ఇంటి కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అంటే ఆ యంత్రం మీద సర్వాధికారాలు ఉన్న అకౌంట్. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం, ఉన్నవి తీసేయడం, యాంటీవైరస్‌ను ఆపేయడం, ఇంట్లో మిగతావాళ్ల ఫైళ్లు తెరవడం, వాళ్ల పాస్‌వర్డ్‌లు మార్చడం అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఏ ప్రోగ్రామ్ అయినా సాధారణంగా దాన్ని నడిపించిన మనిషికి ఉన్న హక్కులతోనే నడుస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినవారు పొరపాటున తెరిచిన ఫైల్‌లో మాల్‌వేర్ ఉంటే దానికీ అవే అధికారాలు దక్కవచ్చు. మామూలు అకౌంట్‌లోకి దూరిన మాల్‌వేర్ మాత్రం ఆ అధికారాల కోసం పాస్‌వర్డ్ సంపాదించాలి, లేదా పాస్‌వర్డ్‌తో పనిలేని పక్కదారి వెతుక్కోవాలి. ఈ రెంటినీ అడ్డుకునే పద్ధతులు ఇంటి పీసీకి పుట్టుకతో రాలేదు. వాటిలో ముఖ్యమైనవి పెద్ద కంప్యూటర్ల మీద 1960, 70 దశకాల్లోనే తేలిపోయాయి. ఇంటి పీసీ వాటిని పక్కన పెట్టి మొదలై, బాగా దెబ్బతిన్నాక ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకుంది.

కంప్యూటర్ పాస్‌వర్డ్ తొలుత పుట్టింది మాల్‌వేర్ కోసం కాదు, సాటి మనుషుల కోసం. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించిన సీటీఎస్‌ఎస్ అనే టైమ్ షేరింగ్ వ్యవస్థలో ఒకే యంత్రాన్ని అనేకమంది వేర్వేరు టెర్మినళ్ల నుంచి వాడేవారు. ఎవరి ఫైళ్లు వారివి, ఎవరికి కేటాయించిన సమయం వారిది. అందుకే ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. అన్ని పాస్‌వర్డ్‌లూ ఒకే ఫైల్‌లో, ఉన్నవి ఉన్నట్టుగా రాసి ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకిచ్చిన సమయం చాల్లేదు. ఏ ఫైల్ ప్రింటు కావాలో పంచ్ కార్డు మీద రాసి ఇస్తే ప్రింటు తీసిపెట్టే సదుపాయం అక్కడ ఉండేది. ఆయన పాస్‌వర్డ్ ఫైల్ పేరే రాసి ఇచ్చి, ప్రింటు తెచ్చుకుని, ఇతరుల అకౌంట్లలో పని చేసుకున్నారు. ఈ సంగతి ఆయనే పాతికేళ్ల తర్వాత బయటపెట్టారు. 1966లో అదే వ్యవస్థలో ఇంకో వింత జరిగింది. ఒకరు పాస్‌వర్డ్ ఫైల్‌ను, మరొకరు లాగిన్ అయినవారికి కనిపించే ఆనాటి ప్రకటనను ఒకే సమయంలో దిద్దుతుండగా రెండు ఫైళ్లూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివారి ముందూ అందరి పాస్‌వర్డ్‌లూ అచ్చయ్యాయి. అందులో దొంగ లేడు, దొంగ ప్రోగ్రామూ లేదు. పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టుగా రాసిపెట్టడమే అసలు తప్పని దాంతో తేలింది.

జవాబు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో టైటన్ అనే కంప్యూటర్ మీద పనిచేస్తున్న రోజర్ నీడమ్, మైక్ గై పాస్‌వర్డ్‌ను దాచడం మానేసి, దాని నుంచి లెక్కకట్టిన ఒక విలువను మాత్రమే దాచే పద్ధతిని 1960ల రెండో సగంలో తెచ్చారు. దీన్నే ఇప్పుడు హ్యాష్ అంటున్నారు. బియ్యాన్ని పిండి పట్టిస్తే ఆ పిండి నుంచి గింజలు తిరిగి రానట్టే, హ్యాష్ నుంచి పాస్‌వర్డ్ తిరిగి రాదు. లాగిన్ వేళ టైపు చేసిన పాస్‌వర్డ్‌కు మళ్లీ అదే లెక్క కట్టి, రెండు విలువలూ సరిపోతే లోపలికి పంపుతారు.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ ఈ పద్ధతిని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ మొదట చదవదగ్గది. వారు 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలిస్తే 2,831 సులువుగా దొరికిపోయేవని తేలింది. నూటికి 86 అన్నమాట. వాటిలో ఒకే ఒక్క అక్షరం ఉన్నవి కూడా 15 ఉన్నాయి. మనిషి స్వభావం మారదని గ్రహించి వారు యంత్రం వైపు నుంచి రెండు మార్పులు చేశారు. మొదటిది, లెక్కను కావాలనే నెమ్మదిగా చేయడం. డీఈఎస్ అనే గుప్తీకరణను 25 సార్లు తిప్పడంతో, ఊహించి ప్రయత్నించేవారి పని బరువెక్కింది. రెండోది సాల్ట్. ప్రతి పాస్‌వర్డ్‌కూ 4,096 విలువల్లో ఏదో ఒకటి కలిపి హ్యాష్ కట్టడం వల్ల, ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా దాచిన విలువలు వేరుగా ఉంటాయి. ముందే లెక్కలు కట్టి పట్టిక తయారుచేసుకుని రావడం దండగ అవుతుంది.

యూనిక్స్‌లో సర్వాధికారి పేరు రూట్. రూట్‌గా రోజంతా పని చేయడం ప్రమాదమని ఆ లోకంలో మొదటి నుంచీ తెలుసు. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో ప్రాంగణంలో పుట్టిన సుడూ అనే ఆదేశం, ఒక్క పనికి మాత్రమే రూట్ అధికారం అరువిచ్చి వెంటనే వెనక్కి తీసుకుంటుంది. పాస్‌వర్డ్ రక్షణలో ఇంతకంటే విలువైన ఊహ మరొకటి లేదని చెప్పవచ్చు. రూట్ పాస్‌వర్డ్ ఎంత తక్కువగా టైపు చేస్తే దాన్ని దొంగిలించే అవకాశాలు అంత తగ్గుతాయి.

ఊహించి పట్టుకునే పనిని మాల్‌వేర్ చేత చేయిస్తే ఏమవుతుందో 1988 నవంబర్ 2న లోకం చూసింది. ఇంటర్నెట్‌లో పాకిన ఒక వర్మ్ తన వెంట 432 మాటల జాబితా మోసుకొచ్చింది. యూజర్ల పేర్లను, వాటిని తిరగేసిన రూపాలను, ఆపై ఆ జాబితాను వరుసగా ప్రయత్నించేది. రాసిన విద్యార్థి రాబర్ట్ టప్పన్ మోరిస్, పై వ్యాసం రాసిన మోరిస్‌కు స్వయానా కొడుకు. అప్పటిదాకా యూనిక్స్‌లో హ్యాష్‌లు ఎవరైనా చదవగల ఫైల్‌లో ఉండేవి. రూట్ మాత్రమే తెరవగల వేరే ఫైల్‌లోకి వాటిని మార్చే పద్ధతి ఆ కాలంలోనే స్థిరపడింది.

ఇంటి కంప్యూటర్ కథ వేరుగా మొదలైంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ, దాని మీద నడిచిన ఎంఎస్ డాస్ ఒకే మనిషి కోసం తయారైనవి. లాగిన్ లేదు, అడ్మినిస్ట్రేటర్ లేడు. ఏ ప్రోగ్రామ్ నడిచినా యంత్రమంతా దానిదే. ఒక్కరే వాడేచోట పాస్‌వర్డ్ దేనికన్నది అప్పటి వాదన. యంత్రాన్ని వాడే రెండో మనిషి ఫ్లాపీ మీద వచ్చే అపరిచిత ప్రోగ్రామ్ రూపంలో ఉంటాడని ఆ వాదనకు తట్టలేదు. విండోస్ 95లో లాగిన్ పెట్టె కనిపించింది గానీ అది అలంకారమే. ఎస్కేప్ మీట నొక్కితే పెట్టె మాయమై డెస్క్‌టాప్ వచ్చేది. నెట్‌వర్క్, డయలప్ పాస్‌వర్డ్‌లను అది ఒక ఫైల్‌లో దాచేది. ఆ ఫైల్ గుప్తీకరణ ఎంత బలహీనమో 1995 చివర్లోనే బయటపడి, మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

దాచిన పాస్‌వర్డ్‌ల విలువ ఎంతో ఐదేళ్ల తర్వాత తెలిసింది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన లవ్ లెటర్ వర్మ్‌ను ఫోటోలు చెరిపేసిన వైరస్‌గా అందరూ గుర్తుంచుకున్నారు. నిజానికి పాస్‌వర్డ్‌లు ఏరి ఈమెయిల్‌లో పంపే మరో ప్రోగ్రామ్‌ను దింపుకోవడం కూడా దాని పనుల్లో ఒకటి. డయలప్ ఇంటర్నెట్ గంటల లెక్కన కొనుక్కునే రోజులవి. ఇంకొకరి పాస్‌వర్డ్ దొరికితే ఖర్చు లేకుండా నెట్ వాడుకోవచ్చు. ఇలాంటి వర్మ్ రాసినవారిని శిక్షించే చట్టం ఫిలిప్పీన్స్‌లో అప్పటికి లేకపోవడంతో కేసు నిలవలేదు. చట్టం జూన్‌లో వచ్చింది. కాకతాళీయంగా భారతదేశపు ఐటీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దక్కిందీ ఆ జూన్‌లోనే.

మైక్రోసాఫ్ట్ దగ్గరే మరో దారి కూడా ఉంది. కార్యాలయాల కోసం 1993లో తెచ్చిన విండోస్ ఎన్‌టీలో వేర్వేరు అకౌంట్లు, వేర్వేరు హక్కులు, ప్రత్యేక అడ్మినిస్ట్రేటర్ అన్నీ ఉన్నాయి. లాగిన్ అవడానికి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కమని అది అడిగేది. ఐబీఎం పీసీలో కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి డేవిడ్ బ్రాడ్లీ కూర్చిన కలయిక అది. ఎన్‌టీ దానికి కొత్త పని అప్పగించింది. ఈ మూడు మీటలూ నొక్కితే ఆ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తప్ప మరే ప్రోగ్రామ్‌కూ చేరదు. అసలు లాగిన్ తెరలాగే కనిపించే నకిలీ తెర పెట్టి పాస్‌వర్డ్ కొట్టేయడం టెర్మినళ్ల కాలం నాటి పాత ఎత్తు. మూడు మీటలతో ఆ నకిలీ తెర పక్కకు పోయి అసలుది వస్తుంది. చేతికి ఇబ్బందిగా ఉందని చాలామంది విసుక్కున్న ఈ ఏర్పాటు వెనక కారణం అదే.

పాస్‌వర్డ్‌లు దాచిన తీరులో మాత్రం ఎన్‌టీ పాత బరువు మోసింది. హ్యాష్‌లను శామ్ అనే ఫైల్‌లో ఉంచేది. పాత నెట్‌వర్క్ యంత్రాలతో పొసగడం కోసం ప్రతి పాస్‌వర్డ్‌కూ ఎల్‌ఎం హ్యాష్ అనే పాతకాలపు రూపాన్ని కూడా పక్కనే పెట్టేది. అది చేసే పనిని ఒక ఉదాహరణతో చూడవచ్చు. విజయవాడ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పక్కన 2003 చేరిస్తే సరిగ్గా 14 అక్షరాల పాస్‌వర్డ్ అవుతుంది. పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు కలిపి రాసినా ఎల్‌ఎం ముందుగా అన్నింటినీ పెద్దబడిలోకి మారుస్తుంది. తర్వాత ఏడేసి అక్షరాల చొప్పున రెండు ముక్కలు చేస్తుంది. ‘విజయవ్’ దగ్గర మొదటి ముక్క తెగుతుంది, ‘అడ2003’ రెండోది. రెండు ముక్కలకూ సాల్ట్ లేకుండా విడివిడిగా హ్యాష్ కడుతుంది. 14 అక్షరాల రహస్యం కాస్తా రెండు ఏడక్షరాల రహస్యాలైపోయింది. పైగా రెండో ముక్కలో ‘అడ2003’ కనిపించగానే మొదటి ముక్క ఏ ఊరో ఊహించడం కష్టం కాదు. పాస్‌వర్డ్ ఏడక్షరాలకు మించకపోతే రెండో సగం ఎప్పుడూ ఒకే విలువగా వచ్చేది. అంటే పాస్‌వర్డ్ చిన్నదని హ్యాషే చాటి చెప్పేది. మోరిస్, థాంప్సన్ వ్యాసం వచ్చి పద్నాలుగేళ్లయ్యాక ఇది జరిగిందంటే నమ్మడం కష్టం.

ఎల్‌ఎం హ్యాష్‌ను ఛేదించే లాఫ్ట్‌క్రాక్ 1997లో వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ శామ్‌కు సిస్కీ అనే అదనపు గుప్తీకరణ తొడిగింది. 2003లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఫిలిప్ ఓక్స్‌లిన్ ముందుగానే కట్టిన 1.4 గిగాబైట్ల పట్టికలతో, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న పాస్‌వర్డ్‌ల ఎల్‌ఎం హ్యాష్‌లలో 99.9 శాతాన్ని 13.6 సెకన్లలో విప్పి చూపారు. ఆ పట్టికలు రెండు సీడీల్లో పట్టేవి. సాల్ట్ ఉండి ఉంటే ఆ సీడీలకు విలువే ఉండేది కాదు. పాస్‌వర్డ్ 14 అక్షరాలు దాటితే ఎల్‌ఎం హ్యాష్ తయారే కాదు కాబట్టి, పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవాలన్న సలహా ఆ రోజుల్లోనే ఊపందుకుంది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీ వంశం ఇళ్లలోకి అడుగుపెట్టింది. అకౌంట్లున్నాయి, హక్కులున్నాయి, అడ్మినిస్ట్రేటర్ ఉన్నాడు. ఏర్పాటు చేసిన తీరు మాత్రం వీటన్నిటినీ నిష్ప్రయోజనం చేసింది. కొత్త కంప్యూటర్ మొదటిసారి వెలిగినప్పుడు దీన్ని ఎవరెవరు వాడతారని ఒక తెర అడిగేది. అందులో ఐదు పేర్ల దాకా నింపవచ్చు. నాన్న, అమ్మ, పిల్లలు అని నింపితే ఆ ఐదుగురూ అడ్మినిస్ట్రేటర్లే, ఐదుగురికీ పాస్‌వర్డ్ ఖాళీయే. మూడు మీటల లాగిన్‌కు బదులు బొమ్మల స్వాగత తెర వచ్చింది. ఇవి చాలవన్నట్టు హోమ్ ఎడిషన్‌లో అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతోనే ఒక అకౌంట్ కనిపించకుండా ఉండేది. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే అది ప్రత్యక్షమయ్యేది, దానికీ పాస్‌వర్డ్ ఖాళీ. ఇంటి యజమాని తన అకౌంట్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఈ దారి తెరిచే ఉండేది.

లిమిటెడ్ అకౌంట్ అనే మామూలు అకౌంట్ కూడా ఎక్స్‌పీలో ఉంది. దాన్ని వాడినవారు తక్కువ. ఆటలు, అకౌంట్స్ ప్యాకేజీలు సహా అప్పటి ప్రోగ్రాములు చాలావాటికి సొంత సెట్టింగులు కూడా సిస్టమ్ ఫోల్డర్లలో రాసుకునే అలవాటు ఉండటంతో, లిమిటెడ్ అకౌంట్‌లో అవి నడిచేవి కావు. మూలనున్న గడియారం మీద రెండుసార్లు క్లిక్ చేసి క్యాలెండర్ చూద్దామన్నా అనుమతి లేదని వచ్చేది. తెలుగువారికి మరో అవసరం ఉండేది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో తెలుగు చక్కగా కనిపించాలంటే సంక్లిష్ట లిపుల ఫైళ్లను సీడీ నుంచి ఎక్కించాలి, అది అడ్మినిస్ట్రేటర్ మాత్రమే చేయగల పని. ఇన్ని తంటాలు పడేకంటే అడ్మినిస్ట్రేటర్‌గానే ఉండిపోవడం నయమనుకున్నవారిని తప్పుపట్టలేం. తప్పు ప్రోగ్రాములు రాసినవారిది, వాటిని అలా రాయనిచ్చినవారిది.

ఆ దశకంలో పాస్‌వర్డ్‌లు ఊహించే వర్మ్‌లు వరుసకట్టాయి. 2003 మార్చిలో వచ్చిన డెలోడర్ నెట్‌వర్క్ మీదుగా అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ను తట్టి, బలహీనమైన పాస్‌వర్డ్‌ల జాబితాను వరుసగా ప్రయత్నించేది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న అకౌంట్‌లోకి ఎక్స్‌పీ కీబోర్డు ముందు కూర్చున్నవారిని తప్ప నెట్‌వర్క్ నుంచి ఎవరినీ రానివ్వదు. దూరం నుంచి వచ్చే వర్మ్ విషయంలో అల్లాటప్పా పాస్‌వర్డ్ కంటే అసలు లేకపోవడమే మేలన్నమాట. 2008 నవంబర్‌లో మొదలైన కాన్‌ఫికర్, కొద్ది వారాలకే వచ్చిన రెండో రూపంలో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌లను ఊహించే జాబితాను కూడా చేర్చుకుంది. తప్పుడు పాస్‌వర్డ్‌లు పదేపదే పడి అకౌంట్లు వాటంతటవే లాక్ కావడం, అనేక కార్యాలయాల్లో ఆ వర్మ్ దూరిందనడానికి కనిపించిన తొలి గుర్తు.

మలుపు 2007 జనవరిలో ఇళ్లకు చేరిన విండోస్ విస్టాతో వచ్చింది. దాచిన పాత అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ను అది మొదటి నుంచే నిలిపేసింది. ఎల్‌ఎం హ్యాష్ దాచడం మానేసింది. అన్నిటికంటే పెద్ద మార్పు యూజర్ అకౌంట్ కంట్రోల్, క్లుప్తంగా యూఏసీ. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి. పూర్తి అధికారం అవసరమైనప్పుడు తెర మసకబారి ఒక పెట్టె వస్తుంది. ఆ మసకబారడంలోనే కిటుకంతా ఉంది. అప్పటికి కనిపిస్తున్న తెరను విండోస్ ఫోటో తీసి, మసకచేసి, వెనక వేలాడదీస్తుంది. ముందు కనిపించే పెట్టె ఉండేది వేరే డెస్క్‌టాప్ మీద. మామూలు ప్రోగ్రాములకు అక్కడ ప్రవేశం లేదు కాబట్టి మాల్‌వేర్ తనంతట తానే ఆ పెట్టెలో క్లిక్ చేయలేదు, అక్కడ టైపు చేసే పాస్‌వర్డ్‌ను చూడలేదు. అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌దే అయితే కొనసాగించమని ఒక్క క్లిక్ సరిపోతుంది. మామూలు అకౌంట్ అయితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిల్లలకు మామూలు అకౌంట్ ఇచ్చి పాస్‌వర్డ్ పెద్దల దగ్గర ఉంచుకునే ఇంటికి ఇది నిజంగా పనికొచ్చింది.

జనం మాత్రం విసుక్కున్నారు. ప్రతి చిన్న పనికీ అడ్డొస్తోందని ఆపిల్ తన టీవీ ప్రకటనలో దీన్ని వెక్కిరించింది. 2009లో విండోస్ 7 దిగొచ్చి నాలుగు మెట్ల జారుడు మీట పెట్టింది, మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రాములు కొన్నిటికి అడగకుండానే అధికారం ఇచ్చింది. ఆ మినహాయింపే పక్కదారి అయింది. మినహాయింపు పొందిన ప్రోగ్రాముల వెనక నక్కి పెట్టె రాకుండానే అధికారం సంపాదించే ఎత్తులు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. యూఏసీని భద్రతా సరిహద్దుగా లెక్కించవద్దని మైక్రోసాఫ్టే చెప్పింది. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ఆ పెట్టెను నమ్ముకోవడం కంటే రోజువారీ పనికి మామూలు అకౌంట్ వాడటం మేలనడానికి ఇదే అసలు కారణం.

ఆపిల్ ఇల్లు కూడా మచ్చలేనిది కాదు. 2001 నాటి మ్యాక్ ఓఎస్ టెన్‌లో రూట్ అకౌంట్ మొదటి నుంచీ మూతపడి ఉండేది. అవసరమైన చోట అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగడం అక్కడ అలవాటు. అయితే 2017 నవంబర్‌లో హై సియెర్రా వెర్షన్‌లో యూజర్ పేరు దగ్గర రూట్ అని రాసి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి ఒకటి రెండుసార్లు నొక్కితే సర్వాధికారాలు వచ్చేస్తున్నాయని తేలింది. మూతపడిన అకౌంట్‌ను పరీక్షించే క్రమంలో సిస్టమ్ దాన్ని ఖాళీ పాస్‌వర్డ్‌తో తెరిచేస్తోంది. సంగతి బహిరంగమైన మర్నాడే సవరణ వచ్చింది.

హ్యాష్ ఎంత గట్టిదైనా టైపు చేసేటప్పుడే పాస్‌వర్డ్‌ను పట్టుకుంటే ఆ గట్టిదనానికి అర్థం లేదు. ఈ ఎత్తు పీసీ కంటే పాతది. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం, లెనిన్‌గ్రాడ్ కాన్సులేట్‌లలో 16 ఐబీఎం టైప్‌రైటర్ల లోపల, కొట్టిన ప్రతి అక్షరాన్నీ రేడియోలో పంపే సోవియట్ పరికరాలు 1984లో దొరికాయి. పీసీలో ఆ పని కీలాగర్ ప్రోగ్రాములకు దక్కింది. 1998లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో విడుదలైన బ్యాక్ ఆరిఫిస్ వంటివి దాన్ని ఎవరైనా వాడగల పనిముట్టుగా మార్చాయి. 2011లో ఫ్రాన్స్‌కు చెందిన బెంజమిన్ డెల్పీ మిమికాట్జ్ అనే ప్రోగ్రామ్‌తో ఇంకో చోటు చూపారు. లాగిన్ అయినవారి పాస్‌వర్డ్‌ను విండోస్ మెమరీలో మళ్లీ విప్పి చదవగల రూపంలో అట్టేపెట్టుకుంటోంది. వెబ్‌లో ఒక పాత లాగిన్ పద్ధతి కోసం ఎక్స్‌పీ కాలంలో చేసిన ఏర్పాటది. వాడేవారు దాదాపు లేకపోయినా అన్ని యంత్రాల్లోనూ మిగిలిపోయింది. 2013లో విండోస్ 8.1తో గానీ దాన్ని నిలిపేయలేదు. సీటీఎస్‌ఎస్ ఫైల్‌లో జరిగిన తప్పే అర్ధశతాబ్దం తర్వాత మెమరీలో పునరావృతమైంది.

2015లో విండోస్ 10తో వచ్చిన హలో పద్ధతిలో ముఖం, వేలిముద్ర, పిన్ వాడుకలోకి వచ్చాయి. నాలుగంకెల పిన్ పాస్‌వర్డ్ కంటే ఎలా మెరుగన్న అనుమానం సహజం. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం. టీపీఎం అనే భద్రతా చిప్ ఉన్న యంత్రాల్లో దాన్ని సరిచూసేది ఆ చిప్పే. తప్పు పిన్‌లు ఎక్కువైతే అది కొంతసేపు మొరాయిస్తుంది, కాబట్టి ఫైల్ ఎత్తుకెళ్లి తీరిగ్గా ఊహించడం కుదరదు. 2021లో విండోస్ 11 ఆ చిప్‌ను తప్పనిసరి చేసింది. మరోవైపు 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, పాస్‌వర్డ్‌లను గడువు పెట్టి మార్పించే ఆనవాయితీని వదులుకొమ్మంది. నిడివి చూడాలని, బయటపడిన పాస్‌వర్డ్‌ల జాబితాలతో పోల్చి చూడాలని చెప్పింది.

మాల్‌వేర్ ఈలోగా అడ్మినిస్ట్రేటర్ అధికారం లేకపోయినా బతకడం నేర్చుకుంది. బ్రౌజర్ గుర్తుంచుకునే పాస్‌వర్డ్‌లను విండోస్ 2000 నాటి డీపీ ఏపీఐ అనే ఏర్పాటు గుప్తీకరిస్తుంది. ఒకే అకౌంట్ కింద నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా అది వాటిని విప్పి ఇస్తుంది. 2020 నుంచి వ్యాపించిన రెడ్‌లైన్ వంటి దొంగ ప్రోగ్రాములకు ఇదే ఆధారం. వాటి దెబ్బకు 2024 జులైలో క్రోమ్, అడిగే ప్రోగ్రామ్ తానేనా కాదా అని సరిచూసే కొత్త గుప్తీకరణను తెచ్చింది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌నే ఏ వెబ్‌సైట్‌లోనో వాడి బ్రౌజర్‌లో దాచుకున్నవారి విషయంలో పైన చెప్పిన రక్షణలన్నీ ఈ ఒక్క చోట వీగిపోతాయి. భారతదేశంలో ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం. 2009 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది.

విండోస్ 11లో కూడా ఇంటి కంప్యూటర్‌లో తెరిచే మొదటి అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌దే. 2024 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అడ్మినిస్ట్రేటర్ ప్రొటెక్షన్ ఈ లోటును సరిచేయడానికి ఉద్దేశించింది. ఇందులో పూర్తి అధికారం యూజర్ అకౌంట్‌లో ఉండదు, సిస్టమే తయారుచేసి దాచిపెట్టే మరో అకౌంట్‌లో ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు హలోతో మనిషిని గుర్తించి, ఆ ఒక్క పనికి సరిపడా అధికారం పుట్టించి, పని ముగియగానే రద్దు చేస్తుంది. సొంతంగా అధికారం తెచ్చుకునే మినహాయింపులు ఉండవు, దాచిన అకౌంట్‌కు ఎవరైనా టైపు చేయాల్సిన పాస్‌వర్డూ ఉండదు. ప్రకటించిన నాటికి ఈ ఏర్పాటు దానంతటది పనిచేసేది కాదు, సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవాల్సి ఉండేది.